కోవిడ్ తొలి నెలల్లో ఉపాధ్యాయులుగా మీ జీవితం ఎలా గడిచింది?

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే మా బడి మూతపడి, పాఠాలు జూమ్‌లోకి మారాయి. ఆ రోజుల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా సాంకేతిక ఇబ్బందులే చెబుతారు. నాకవి పెద్ద బాధ కాలేదు, ఏ బటన్ ఎక్కడ నొక్కాలో పిల్లలే నేర్పారు. ముఖాలు కనబడకపోవడమే నన్ను కుంగదీసింది.

తరగతిలో నల్లబల్ల వైపు తిరిగి రాస్తున్నా, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిసిపోతుంది. తెర మీద ఉన్నవి నల్లని గళ్లు, వాటిలో పేర్లు. డేటా అయిపోతుందని కొందరు, ఇల్లు కనబడుతుందన్న బిడియంతో కొందరు కెమెరా ఆపేసేవారు. తప్పనిసరిగా పెట్టించాలని తోటి ఉపాధ్యాయులు వాదించేవారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నలుగురు సర్దుకుని ఉన్న ఒకే గదిని తరగతి మొత్తానికీ చూపించమనే హక్కు నాకెక్కడిది? "అర్థమైందా?" అంటే బదులు ఉండేది కాదు. ఉచిత ఖాతా కాబట్టి 40 నిమిషాలకు సమావేశం తెగిపోయేది. నిజం చెప్పాలంటే, కొన్నిసార్లు అదే నయమనిపించేది.

ఘాతాంకాల పాఠం మాత్రం వేరుగా నడిచింది. కేసులు ఇన్ని రోజుల్లో రెట్టింపయ్యాయని పిల్లలు రోజూ వార్తల్లో వింటున్నారు. మూడు రోజులకోసారి రెట్టింపైతే ఒక్క కేసు 30 రోజులకు ఎంతవుతుందని అడిగాను. పది రెట్టింపులు, 1024. చాట్‌లో ప్రశ్నల మీద ప్రశ్నలు. "మరి ఎక్కడ ఆగుతుంది సార్?" అని రాసింది, బడిలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి. మనుషులు కలవడం తగ్గేకొద్దీ రెట్టింపు కావడానికి ఎక్కువ రోజులు పడుతుందని చెప్పాను. మరుసటి రోజు తనే ఆరు రోజుల వ్యవధి తీసుకుని లెక్క కట్టి పంపింది: 32. ఇంట్లో ఎందుకు ఉండాలో అంతకంటే బాగా నేను చెప్పలేను.

తరగతికి అసలే రానివాళ్ల సంగతి వేరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పనికి వెళ్లిపోయేది. వాళ్లకు రాత్రిళ్లు ఫోన్ చేసి ఒక్కో లెక్కా చెప్పేవాడిని. తడబడుతూ "అర్థమైంది సార్" అంటే మళ్లీ మొదటి నుంచి. కొందరి నంబర్లు ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు ఇంటి నుంచి చదువుకునే వీలే లేకపోయిందని ఆ ఆగస్టులో యునిసెఫ్ చెప్పింది. చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ కలవని నంబర్లే.

ఆ ఏడాది మార్కుల జాబితాను నేను ఇప్పటికీ నమ్మను. రాత్రి ఫోన్ల తర్వాత ఎవరికి ఏది రాలేదో రాసుకున్న పుస్తకాన్ని నమ్మాను. బడి తెరిచాక పాఠం మొదలుపెట్టింది దాన్ని చూసే.