దుప్పుల కోసం మడి వేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఊరు. అడవి అంచుకు మూడెకరాల చెల్క ఉంది. రెండేళ్లు పత్తి వేసి నష్టపోయాను. అమెరికాలో జింకల కోసమే ప్రత్యేకంగా మడులు పెంచుతారట, సాయంత్రం కాగానే అవి వచ్చి మేస్తాయట. వీడియోల్లో చూశాను. నా చెల్కలో అలాంటిది వేస్తే దుప్పులు వస్తాయా? ఏ విత్తనం వేయాలి? పిల్లలకు చూపించాలని ఆశ. పట్నం నుంచి వచ్చేవాళ్లకు చూపిస్తే నాలుగు డబ్బులు కూడా వస్తాయేమో.

జవాబు: తమ్ముడూ, వస్తాయి. అందులో అనుమానం లేదు. విత్తనం పేరు చెప్పేముందు నా అనుభవం ఒకటి విను.

నేను ఫారెస్టు గార్డుగా చేరిన మూడో ఏడు. నా బీట్‌లో ఒక కుంట పక్కన అరెకరం జాగా లాంటానాతో మూసుకుపోయి ఉండేది. కూలీలతో కలిసి నేనూ పీకాను. వానలు పడగానే గరిక నాటించి, మధ్యలో బొబ్బర్లు చల్లాను. నలభై రోజులకు దుప్పులు దిగాయి. ఒకరోజు లెక్కపెడితే పదకొండు. రోజూ అదే వేళ, అదే దారి. నాకు సంతోషం ఆగలేదు. ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను.

నెల తిరగలేదు. ఆ దారిలోనే రెండు తునికి చెట్ల మధ్య మోటార్‌సైకిల్ క్లచ్ వైరుతో ఉచ్చు పెట్టారు. పొద్దున నేను వెళ్లేసరికి ఆడ దుప్పి పడి ఉంది, కడుపుతో ఉంది. వైరు మెడలోకి దిగిపోయింది. చుట్టూ నేల గుండ్రంగా గిట్టలతో దున్నినట్టు అయిపోయింది. నోటి పక్కన బొబ్బర తీగ, ఇంకా పచ్చగానే ఉంది. ఆ విత్తనం నా చేత్తో చల్లింది. ఇన్నేళ్లయినా బొబ్బర చేను పక్కనుంచి పోతే అదే గుర్తొస్తుంది.

అందుకే చెబుతున్నాను. దుప్పి ఒకచోటికి వేళ తప్పకుండా రావడం మొదలుపెట్టిందంటే ఆ సంగతి నీ ఒక్కడికే తెలిసి ఉండదు. ఉచ్చులవాడికి తెలుస్తుంది, చిరుతకూ తెలుస్తుంది. మన వైపు పులి కూడా తిరుగుతోంది. నీ పశువుల కొట్టం ఆ మడికి ఎంత దూరమో ముందు చూసుకో.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఆ మడులు ఎక్కువగా వేటగాళ్లు వేసుకుంటారు. వాళ్లకు లైసెన్సు ఉంటుంది, వేటకు సీజను ఉంటుంది. అక్కడి జింక వేరు, తెల్లతోక జింక. మట్టి పరీక్ష చేయించి, పులుపు నేలైతే సున్నం వేసి, పీహెచ్ 6కూ 7కూ మధ్యకు తెచ్చి, తెల్ల క్లోవర్, చికోరీ, ఓట్లు, టర్నిప్ చల్లుతారు. మంచు పడితే టర్నిప్ ఆకు తీపెక్కుతుంది, జింకలు అప్పుడు ఎగబడి తింటాయి. ఆ చలి మనకు లేదు, ఆ విత్తనాలతో మనకు పనీ లేదు.

మన చట్టం కూడా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం కూడా వేట కిందకే వస్తాయి. నువ్వు మంచి మనసుతోనే వేస్తావు, నాకు తెలుసు. కానీ ఆ మడి పక్కన రేపు ఒక దుప్పి చచ్చి పడితే మొదట అడిగేది నిన్నే. కాబట్టి విత్తనం కొనకముందే ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు వెళ్లి, ఏం వేస్తున్నావో, ఎందుకు వేస్తున్నావో రాసిచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకో. డబ్బులు తీసుకుని జనానికి చూపించే ఆలోచన మాత్రం మానెయ్యి. రాత్రి లైట్లు, జీపులు మొదలయ్యాక దుప్పులకూ శాంతి ఉండదు, మీ ఊరికీ ఉండదు.

ఇవన్నీ విన్నాక కూడా వేయాలనిపిస్తే గడ్డి వెయ్యి. దుప్పికి కావాల్సింది పొట్టి గడ్డి, లేత చిగురు. మోకాలెత్తు దాటి ముదిరితే అందులో దిగడానికి జంకుతుంది, చిరుత పొంచి ఉంటే కనిపించదు కదా. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో జామ్నీ ఊరిని బయటికి తరలించాక ఆ పొలాలే పచ్చిక బయళ్లయ్యాయి. ఇప్పుడు అక్కడ దుప్పులు మందలుగా మేస్తాయి. వాటికోసం ఎవరూ విదేశీ విత్తనం తేలేదు.

మన నల్లరేగడికి మరాఠీవాళ్లు మార్వేల్ అనే గడ్డి బాగా సరిపోతుంది. విత్తనం నూగుగా, తేలిగ్గా ఉంటుంది, చల్లితే గాలికి పోతుంది. తడి మట్టి, పేడ ఎరువు కలిపి, తొలి వానల తర్వాత చల్లి, పైన ముళ్లకంప ఒకసారి లాగితే చాలు. లోతుగా పూడితే మొలవదు. మొదటి ఏడు పశువుల్ని దించకు. వేరు పట్టాక కొడవలితో సగం కోసి సగం వదులు. కోసింది నీ బర్రెలకు. కోసినచోట వచ్చే చిగురే దుప్పి వెతుక్కునేది. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే వేళ్లతో సహా పీకు. ఎండాకాలం నిప్పు పెట్టకు. పక్క చేలో పత్తికి మందు కొడితే గాలి ఎటు ఉందో చూడమని వాళ్లకు చెప్పు.

జొన్న మాత్రం వద్దు. వాన ఎగ్గొట్టి వాడిన లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, అది తిని పశువులు పడిపోవడం మీ ఊళ్లోనూ చూసే ఉంటావు. నెమరువేసే జీవికి ఎవరికైనా అదే గతి. ఇంకొకటి, నీ పశువులకు గాలికుంటు టీకా తప్పకుండా వేయించు. ఆ జబ్బు వాటినుంచి దుప్పులకు అంటుకుంటుంది.

ముందు పక్క చెల్కలవాళ్లతో కూర్చుని మాట్లాడు. దుప్పికి సర్వే నంబర్లు తెలియవు. నీ గడ్డి కోసం వచ్చి వాళ్ల కంది మొక్కలు కొరుకుతుంది. వాళ్లు కోపంతో కరెంటు తీగ లాగితే దుప్పే కాదు, మనుషులూ పోతారు.

నన్నడిగితే ఒక ఎకరం గడ్డికి వదిలి, గట్టు మీద ఉసిరి, రేగు పెట్టి ఊరుకుంటాను. కొండముచ్చులు కాయలు రాలుస్తాయి, కింద దుప్పి ఏరుకుంటుంది. పిల్లల్ని తెల్లవారుజామున బీట్ గార్డును తోడు తీసుకుని కుంట దగ్గరికి తీసుకెళ్లు. గాలి మీ ముఖానికి కొట్టేలా కూర్చోండి.

ప్రశ్న: సార్, మాది గంజాం జిల్లాలో అస్కా దగ్గర. కృష్ణజింకలు మా పెసర చేలో పడుతున్నాయి. తోలబోతే పాపమంటుంది మా అత్తయ్య. వేరే మడి వేస్తే చేను వదులుతాయా?

జవాబు: అమ్మా, మీ అత్తయ్యలాంటి వాళ్లవల్లే ఆ జీవాలు బతికాయి. అవి మేస్తే వానలు బాగా పడతాయని మీ వైపు తరతరాల నమ్మకం. మీ జిల్లాలో 2011 లెక్కల్లో 2,194 ఉన్నవి, ఆ తర్వాతి పదేళ్లలో రెండింతలు దాటాయి. వేరే మడి వేస్తే కొంత ఉపయోగమే, కానీ మీ పెసర మొలకెత్తకముందే అది పచ్చగా ఉండాలి. లేకపోతే లేత పెసర వదిలి అటు పోవు. చెట్ల చాటున వేయకండి, వాటికి నాలుగువైపులా కనిపించే బయలు కావాలి. ముళ్లతీగ కట్టొద్దు. నష్టమైతే ఫొటో తీసి వెంటనే ఫారెస్టు ఆఫీసులో రాసివ్వండి. ఎండాకాలం చేను అంచున లోతులేని తొట్టిలో నీళ్లు పెట్టండి, ఊరకుక్కల్ని ఆ వైపు రానివ్వకండి. జింక పిల్లల్ని ఎక్కువగా చంపేది ఆ కుక్కలే.

ప్రశ్న: ఇంటి వెనక ఉప్పు గడ్డ పెడితే దుప్పులు వస్తాయంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఉప్పు నాకే దుప్పి తల దించుకుని చాలాసేపు ఒకేచోట నిలబడిపోతుంది. మాటు వేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అడవిలో ఎక్కడ పెట్టాలో ఫారెస్టువాళ్లు చూసుకుంటారు.