మాక్స్ లీబర్‌మాన్ ఫ్రెంచ్ ఇంప్రెషనిస్టులను అనుకరించారా?

లేదు, జర్మన్ ఇంప్రెషనిజానికి (క్షణక్షణం మారే వెలుతురును చురుకైన కుంచె గీతల్లో పట్టే చిత్రశైలికి) పెద్దదిక్కుగా నిలిచిన మాక్స్ లీబర్‌మాన్ (1847–1935) ఆ శైలిని చేరుకున్నది ప్రధానంగా హాలండ్ మీదుగా, కష్టజీవుల బొమ్మలు గీస్తూ.

బెర్లిన్‌లోని సంపన్న యూదు కుటుంబంలో పుట్టిన ఆయన 1872లో పెద్దబాతుల ఈకలు పీకుతున్న పనివాళ్లను ముదురు రంగుల్లో చిత్రించారు. అంత వికారమైన విషయం ఎందుకని విమర్శకులు మండిపడ్డారు. ఆయన మాత్రం పనివాళ్లను వదల్లేదు. ఫ్రాన్స్‌లో చిత్రకారుడు మిలే గీసిన రైతుల చిత్రాలు ఆయనను ఆకట్టుకున్నాయి. హాలండ్‌లో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ చిత్రాలకు నకళ్లు గీస్తూ కుంచెను చురుగ్గా, ధైర్యంగా కదపడం నేర్చుకున్నారు. వేసవుల్లో మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లేవారు. ఆ దేశపు మెత్తని వెలుతురు ఆయన రంగులను క్రమంగా తేటపరిచింది.

1887 నాటి ‘లారెన్‌లో అవిసెనార కొట్టం’ (లారెన్ హాలండ్‌లోని ఒక పల్లె) చూడండి. వరుస కిటికీల వెలుతురు నార వడికే పల్లె స్త్రీల మీద పడుతుంది. విషయం శ్రమే, కానీ కంటిని నిలిపేది వెలుగు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఈ కలయికలోనే ఉంది.

బెర్లిన్‌లోని వాన్‌సే సరస్సు ఒడ్డున తన తోటను గీసిన చిత్రాలు ప్రసిద్ధం కావడంతో, తన తోటను పదేపదే గీసిన ఫ్రెంచ్ ఇంప్రెషనిస్టు మోనే బాటలో ఆయన నడిచారని చాలామంది అనుకుంటారు. మోనే చిత్రాలను, మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే చిత్రాలను ఆయన ప్రేమగా సేకరించిన మాట నిజమే. అయితే ఆ తోట చిత్రాలు 1910 తర్వాతివి, అంటే అరవై దాటాక గీసినవి. అప్పటికే అధికారిక కళాసంస్థల నుంచి విడివడిన కళాకారుల బృందమైన బెర్లిన్ సెసెషన్ సంఘానికి పదేళ్లకు పైగా నాయకత్వం వహించిన ఆయన శైలి పూర్తిగా స్థిరపడింది.