ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే పైథాన్ స్క్రిప్ట్‌కి ఎర్రర్ ఎందుకు వస్తోంది?

మీ స్క్రిప్ట్ ఫోల్డర్ పేరు, రోజుల సంఖ్య రెండింటినీ సిస్.ఆర్గ్‌వి (స్క్రిప్ట్ పేరు, దాని తర్వాత మీరు కొట్టిన మాటలు ఉండే లిస్ట్) నుంచి నేరుగా తీసుకుంటోంది, పేరులో స్పేస్ ఉంటే మాత్రం వాల్యూ ఎర్రర్ ఇస్తోంది అన్నారు.

లినక్స్, మ్యాక్‌లలో మీరు ఎంటర్ కొట్టగానే ఆ లైన్‌ని ముందు చదివేది షెల్, అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్. స్పేస్ కనబడిన చోటల్లా ముక్కలు చేసి, ఆ ముక్కల్నే స్క్రిప్ట్‌కి అందిస్తుంది. పాత ఫోటోలు 30 అని కొడితే ఆర్గ్‌వి సున్నా స్థానంలో స్క్రిప్ట్ పేరు, ఒకటిలో 'పాత', రోజుల సంఖ్య ఉండాల్సిన రెండులో 'ఫోటోలు' ఉంటాయి. 'ఫోటోలు' అనే మాటని అంకెగా మార్చమంటే పైథాన్ మాత్రం ఏం చేస్తుంది? ఫోల్డర్ పేరుని డబుల్ కోట్స్‌లో పెట్టండి, ఇవాళ్టికి పని జరిగిపోతుంది.

కానీ అక్కడితో వదిలేయకండి. మీకు ఎర్రరైనా వచ్చింది, నాకు అదీ రాలేదు. నా పాత స్క్రిప్ట్ ఒక్క ఫోల్డర్ పేరు తీసుకుని అందులోని ఫైళ్లన్నీ తుడిచేసేది. 'ఫోటోలు పాతవి' అనే ఫోల్డర్ ఖాళీ చేద్దామని కోట్స్ లేకుండా కొట్టాను. పక్కనే 'ఫోటోలు' అని ఇంకో ఫోల్డర్ ఉంది. స్క్రిప్ట్ దాన్ని తుడిచేసింది, మిగిలిన 'పాతవి'ని పట్టించుకోనే లేదు. మా పాప మొదటి ఏడాది ఫోటోలు అందులోనే ఉన్నాయి. బ్యాకప్‌లో సగమే దొరికాయి.

అందుకే ఆర్గ్‌పార్స్ (కమాండ్‌లో ఇచ్చిన మాటల్ని చదివి సరిచూసే పైథాన్ మాడ్యూల్) వాడమని అంత గట్టిగా చెప్తున్నాను. పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫోల్డర్‌కి ఒక యాడ్_ఆర్గ్యుమెంట్, రోజులకి ఇంకొకటి రాసి, రోజులకి టైప్ ఇంట్ (పూర్ణాంకం) అని చెప్పండి. రోజుల చోట అంకె కాని మాట వస్తే 'ఇన్‌వాలిడ్ ఇంట్ వాల్యూ' అని, చివర్లో ఒక్క మాట ఎక్కువ వచ్చినా 'అన్‌రికగ్నైజ్డ్ ఆర్గ్యుమెంట్స్' అని చెప్పి, ఎగ్జిట్ కోడ్ 2తో (తప్పు జరిగిందని తెలిపే సంఖ్యతో) అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు ఇది ఉండుంటే నా ఫోటోలు దక్కేవి. హెల్ప్ మెసేజ్ కూడా అదే తయారు చేస్తుంది.

మీదీ పాత ఫైళ్లు తీసేసే స్క్రిప్టే అయితే, మామూలుగా నడిపినప్పుడు తీసేయబోయే ఫైళ్ల పేర్లు మాత్రమే చూపించి, డిలీట్ అనే ఆప్షన్ ఇస్తేనే తుడిచేలా రాయండి. ఆ ఆప్షన్‌కి యాక్షన్ స్టోర్_ట్రూ పెట్టాలి, అప్పుడు ఆప్షన్ ఇస్తే ట్రూ, ఇవ్వకపోతే ఫాల్స్ అవుతుంది. టైప్ బూల్ (ట్రూ లేదా ఫాల్స్ రకం) అని పెడితే మీరు 'ఫాల్స్' అని టైప్ చేసినా ట్రూనే అవుతుంది, ఎందుకంటే ఖాళీ కాని ఏ స్ట్రింగ్ అయినా పైథాన్‌కి ట్రూనే.

ఇవన్నీ మార్చేముందు ఒకసారి స్క్రిప్ట్ మొదట్లోనే ఆర్గ్‌విని ప్రింట్ చేసి, కోట్స్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి చూడండి. షెల్ ఎక్కడ కోస్తోందో మీ కళ్లకే కనబడుతుంది.