‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని ఎన్నాళ్లు చెబుతారు?

ప్రశ్న: మా అబ్బాయికి 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఏడేళ్లు పనిచేశాడు. రెండు నెలల కిందట కంపెనీ వాళ్ల టీమ్ మొత్తాన్ని తీసేసింది. వందకు పైగా అప్లికేషన్లు పెడితే ఇంటర్వ్యూకి పిలిచింది ఇద్దరే. ఇప్పుడు మధ్యాహ్నం దాకా లేవడు, గదిలోంచి రాడు. బంధువులు అడిగితే వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెబుతున్నాం. ఏదైనా కొత్త కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. అసలు చిక్కు ఆ ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ దగ్గరే ఉంది. పరువు కోసం దాస్తున్నారు, అర్థమవుతోంది. కానీ మీవాడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడని ఎవరికీ తెలియకపోతే, ఫలానా చోట ఖాళీ ఉందన్న కబురు మీ దాకా ఎలా వస్తుంది?

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ‘ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగాడు. తరచూ కలిసేవాళ్లమని చెప్పినవాళ్లు 17 శాతం కూడా లేరు. మిగతావాళ్లకు ఆ కబురు చెప్పింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లే. 1973లో ఆయన ఈ సంగతి రాశాడు. ఆలోచిస్తే సబబే. మన దగ్గరివాళ్లకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు దూరపువాళ్ల దగ్గరే ఉంటుంది. పాత కంపెనీలో పక్క టీమ్‌వాళ్లు, మూడేళ్ల కిందట మానేసి వెళ్లినవాళ్లు, కాలేజీ సీనియర్లు – మీవాడు రోజుకు ఇద్దరికి మెసేజ్ పెడితే చాలు. ‘ఏదైనా ఉంటే చూడండి’ అంటే ఎవరూ చూడరు. ఏ పని, ఎన్నేళ్ల అనుభవం, ఎలాంటి కంపెనీ కావాలి అన్నవి మూడు వాక్యాల్లో రాయమనండి.

వంద అప్లికేషన్లకూ ఒకే రెజ్యూమే పంపి ఉంటాడని నా అనుమానం. ‘టెస్టింగ్ బాధ్యతలు చూశాను’ అని అందరూ రాస్తారు. ‘మూడు రోజులు పట్టే టెస్టింగ్‌ని ఒక్క రోజులో అయ్యేలా చేశాను’ లాంటి వాక్యం, అది నిజమైతేనే సుమా, చదివేవాణ్ని ఆపుతుంది. ఉద్యోగం ఎందుకు పోయిందని ఇంటర్వ్యూలో అడిగితే ‘టీమ్ మొత్తాన్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను’ అని చెప్పి, వెంటనే తను చేసిన పనిలోకి వెళ్లిపోవాలి. పాత మేనేజర్‌ని తిట్టకూడదు. అద్దం ముందు కాదు, మీ ముందు కూర్చుని పదిసార్లు చెప్పించండి. మొదటి మూడుసార్లు గొంతు వణుకుతుంది.

ఇక మధ్యాహ్నం దాకా లేవకపోవడం. దాన్ని బద్ధకం అనుకోకండి. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మరియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడితే మరీ యహోదా, మరికొందరు పరిశోధకులు అక్కడికెళ్లి చూశారు. చేతినిండా తీరిక ఉన్నా జనం లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక కూడా మందగించింది. పనితో పాటు రోజుకు ఉండే ఆకారమూ పోతుంది. అందుకని పొద్దున ఒక వేళకు లేవడం, మూడు గంటలు ఉద్యోగ వేట, తర్వాత లాప్‌టాప్ మూసేయడం. అంతకు మించి లాగితే టెన్షనే తప్ప ఫలితం ఉండదు. మీరు కూడా సాయంత్రం కాగానే ‘ఏమైనా వచ్చిందా?’ అని అడగడం మానండి. వచ్చి ఉంటే అతనే పరుగెత్తుకొస్తాడు. నిద్ర, తిండి రెండు వారాలుగా బాగా దెబ్బతింటే డాక్టర్‌కి చూపించండి. బతకాలని లేదన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

కోర్సు గురించి: అతనికి నచ్చిన పది ఉద్యోగ ప్రకటనలు తీసి పక్కపక్కన పెట్టండి. అన్నిట్లో అడుగుతూ అతనికి రానిది ఏదైనా కనిపిస్తే అది నేర్పించండి. కనిపించకపోతే ఆ కోర్సు ఫీజు కట్టి దాక్కునే చోటే అవుతుంది. ఉన్న డబ్బు ఎన్ని నెలలు వస్తుందో ఇద్దరూ కూర్చుని లెక్క రాసుకోండి. ఏ నెల నుంచి కాంట్రాక్ట్ పనికైనా సరే అనాలో అప్పుడు తేలుతుంది.

ఈసారి ఎవరైనా బంధువు ఫోన్ చేస్తే ‘మావాడి టీమ్‌ని తీసేశారు, టెస్టింగ్‌లో ఏడేళ్ల అనుభవం ఉంది, మీకు తెలిసినచోట ఉంటే చెప్పండి’ అనండి. అయితే అంతకు ముందు మీ అబ్బాయి గది తలుపు తట్టి, అలా చెప్పనా అని అతన్నే అడగండి.