న్యాయ సందేహాలు: సాక్షి నోట కేసు

ప్రశ్న: జిల్లా కోర్టులో జూనియర్‌గా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. నా సాక్షుల చీఫ్ (మన సాక్షిని మనమే ముందుగా ప్రశ్నించి చెప్పించే సాక్ష్యం) ముక్కలు ముక్కలుగా వస్తోంది. అవతలి సాక్షుల క్రాస్‌లో (ఎదురు ప్రశ్నల్లో) పోలీసు వాంగ్మూలంతో తేడాలు రాబట్టినా తీర్పులో వాటికి విలువ దక్కడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: చీఫ్‌లో కథ సాక్షే చెప్పాలి. భారతీయ సాక్ష్య అధినియమం 146వ సెక్షన్ ప్రకారం, అవతలివారు అభ్యంతరం చెబితే జవాబు అందించే ప్రశ్న అక్కడ వేయకూడదు. పేరు, ఊరు వంటి వివాదం లేని సంగతులకైతే కోర్టు అనుమతిస్తుంది. "ముద్దాయి పొడిచాడు కదా?" అనకండి. "మీరెక్కడున్నారు? ఎంత దూరం? దీపం ఎక్కడ వెలుగుతోంది? అతను మీకెలా తెలుసు? అప్పుడేం జరిగింది?" అని ఒక్కో సంగతికి ఒక్కో ప్రశ్న వేయండి. రాత్రి ఘటనల్లో దూరం, వెలుతురు, ముఖపరిచయం ముందే రికార్డుకెక్కితే, పొడిచిన మాట వచ్చేసరికి సాక్షి చూడగలిగే చోటే ఉన్నాడని జడ్జిగారికి తెలిసిపోయి ఉంటుంది. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం కూడా చీఫ్‌లోనే చెప్పించండి. క్రాస్‌లో బయటపడితే దాచినట్టు కనిపిస్తుంది.

ఇన్ని నోళ్లు కావాలని చట్టం అడగదు (139వ సెక్షన్). ఒకే సంగతికి ఐదుగురిని పిలిస్తే వాళ్లలో వాళ్లకే పొంతన కుదరదు.

ఇక తేడాల సంగతి. మీ అసలు నష్టం ఇక్కడే. పోలీసు వాంగ్మూలం దానంతటదే సాక్ష్యం కాదు. 148వ సెక్షన్ ప్రకారం అందులోని సరిగ్గా ఆ వాక్యాన్నే సాక్షికి చూపించాలి. తాను అలా చెప్పలేదని సాక్షి అంటే, దర్యాప్తు అధికారి ద్వారా ఆ వాక్యాన్ని రుజువు చేసి మార్క్ చేయించాలి (కోర్టు రికార్డులో గుర్తు వేయించాలి). పోలీసులకు చెప్పకుండా వదిలేసి కోర్టులో మాత్రమే చెప్పిన మాటలకూ అంతే. "పొడవడం చూశానని పోలీసులకు చెప్పారా?" అంటే సాక్షి "చెప్పాను" అంటాడు. అక్కడ ఆగండి, "మరి ఎందుకు రాయలేదు?" అని అడిగి అతనికి సంజాయిషీ అందించకండి. తర్వాత దర్యాప్తు అధికారి "నాతో అలా చెప్పలేదు" అంటేనే ఆ లోపం నిలుస్తుంది. ఆయన చివర్లో, ఒక్కోసారి నెలల తర్వాత వస్తారు కాబట్టి చాలామంది మరిచిపోతారు. క్రాస్ ముగిసిన రోజే ఆ ప్రశ్న ఆయన పేరిట ఫైల్లో రాసిపెట్టుకోండి. చొక్కా రంగు చెప్పలేదన్నది లెక్కలోకి రాదు, పొడిచిందెవరో చెప్పలేదన్నది వస్తుంది.

ఈ అధినియమం అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నాటికే నడుస్తున్న విచారణలకు పాత 1872 సాక్ష్య చట్టమే వర్తిస్తుంది. అక్కడ 148కి బదులు 145వ సెక్షన్ చూడండి.