సంతకం మాత్రం పెట్టకండి

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బట్టల షాపులో ఆరేళ్ల నాలుగు నెలలుగా బిల్లింగ్ చేస్తున్నాను. జీతం 13,000. మొత్తం పద్నాలుగు మందిమి. సిరిమాను పండగ సీజన్ అయిన దగ్గర్నుంచి ఓనరు నా మీద పడ్డారు. కంప్యూటర్ దగ్గర నుంచి తీసేసి మేడ మీద గోడౌన్‌లో చీరలు మడతపెట్టమన్నారు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. కస్టమర్ల ముందే "ఏమే, బుర్ర ఉందా?" అంటారు. మొన్న కాగితం ఇచ్చి "సొంత కారణాలతో మానేస్తున్నానని రాయి, లేకపోతే లెక్కల్లో తేడా వచ్చిందని పోలీసులకు చెబుతా" అన్నారు. నాతో పనిచేసే అక్క అంతా చూసింది కానీ భయపడుతోంది. మానేయమంటారా?
– ఒక సోదరి, గజపతినగరం

జవాబు: అమ్మా, మానేయాలో వద్దో తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నాకు ఇరవై మూడేళ్లప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో ఇలాగే తిట్లు పడలేక తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఏడ్చుకుంటూ బస్సెక్కాను. రెండు నెలల జీతం రావాలి. అడగడానికి వెళ్తే అదే కాగితం చూపించారు. బాకీ ఏమీ లేదని నా సంతకం పైన టైపు చేసి ఉంది. ఈ మాట మీకు చెప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన మిమ్మల్ని తీసేయకుండా మీ చేతే ఎందుకు రాయించుకుంటున్నారో ఆలోచించండి. ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. 1988 నాటి మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టంలో ఉన్న మాట ఇది. మీరే రాసిస్తే ఆ బాధ్యత ఆయనకు తప్పుతుంది.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు, అలా కాదు. పదిమందికి పైగా పనిచేసే షాపు, మీకు ఐదేళ్లు దాటాయి కాబట్టి మీరు మానేసినా అది ఇవ్వాల్సిందే. జీతాన్ని 26తో భాగిస్తే రోజుకు 500. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున 7,500. ఆరేళ్లకు 45,000 రూపాయలు. మీ 13,000 అంతా బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) అయితే వచ్చే లెక్క ఇది.

పోలీసుల మాటకు బెదరకండి. "ఏ రోజు, ఏ బిల్లులో, ఎంత తేడా వచ్చిందో చెప్పండి" అని వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. షాపు పుస్తకాలు మాత్రం ఇంటికి తేవద్దు, దాన్నే దొంగతనం అంటారు. ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, ఆయన అన్న మాట అన్నట్టే రాయండి. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ జాగ్రత్త. ఏ రోజైనా గుమ్మం దగ్గరే ఆపేస్తే, అక్కడే నిలబడి "పనికి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని మెసేజ్ పెట్టండి. లేకపోతే చెప్పాపెట్టకుండా మానేసిందంటారు.

ఇవి పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. కోర్టులో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చాలు.

ఒంటికీ మనసుకూ బాగోలేకపోతే మానేయండి తల్లీ, అందులో తప్పేమీ లేదు. కాకపోతే మానేస్తున్నానని రాసే ఉత్తరంలో మీరు పడిన మాటలన్నీ మీ సొంత మాటల్లో రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఆ అక్కను సాక్ష్యం చెప్పమని ఇప్పుడే అడగకండి. ఆమెకూ ఆ జీతమే ఆధారం. పుస్తకంలో మాత్రం, ఏ రోజు ఆమె పక్కన ఉందో రాసుకోండి.