కోత చిన్నదే, మరి ఇంత నొప్పి ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. కుడివైపు పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) మార్చి 16 రోజులైంది. రొమ్ము కింద మంట, సూదులతో పొడిచినట్లు పోట్లు ఉన్నాయంటోంది. దగ్గడానికే భయపడుతోంది. మందులు ఎక్కువవుతున్నాయని నొప్పి మాత్ర తనంతట తానే మానేసింది. రక్తం పలచబడే మాత్ర వాడుతోంది. మెడికల్ షాపులో అడిగి వేరే నొప్పి మాత్ర తేవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అలా తేవద్దు. షాపులో అడిగితే సాధారణంగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి. రక్తం పలచబడే మాత్రతో అవి కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది, కిడ్నీల మీదా భారం పడుతుంది. 'ఇది పారాసెటమాలే' అని ఇచ్చే మాత్రలోనూ ఎసిక్లోఫెనాక్ కలిసి ఉండవచ్చు కాబట్టి అట్ట వెనక ఉన్న పేర్లన్నీ చదవండి.

రొమ్ము ఎముకను నిలువునా కోసే ఆపరేషన్ కంటే ఈ పద్ధతిలో త్వరగా కోలుకునే మాట నిజమే. కానీ గుండెను చేరడానికి పక్కటెముకలను కొంత ఎడం చేయవలసి వస్తుంది; ఒక్కొక్క ఎముక కింది అంచునే ఆనుకుని ఒక నరం సాగుతుంది కనుక ఆ ఒత్తిడికి అది నలుగుతుంది. మీ అమ్మగారు చెబుతున్న మంట, పోట్లు చాలావరకు నరం నొప్పి లక్షణాలే. ఇది కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. మామూలు నొప్పి మాత్రకు సరిగా లొంగకపోతే డాక్టరు గాబాపెంటిన్, ప్రెగాబలిన్ వంటివి రాస్తారు; వాటితో మత్తు, తల తూలడం ఉండవచ్చు కనుక రాత్రి లేచేటప్పుడు తోడుండండి.

నొప్పిని పళ్లబిగువున ఓర్చుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు అలవాటే గాని, ఇక్కడ ఆ ఓర్పు చేటు చేస్తుంది. నొప్పికి జడిసి పైపైన ఊపిరి తీస్తూ, దగ్గు ఆపుకుంటూ ఉంటే కఫం పేరుకుని న్యుమోనియాకు దారి తీయవచ్చు. డాక్టరు రాసిన పారాసెటమాల్‌ను, నొప్పి ముదిరే దాకా ఆగకుండా, చెప్పిన మోతాదులో వేళకు ఇవ్వండి. రోజుల తరబడి వాడితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పెరగవచ్చు కనుక ఆ పరీక్షప్పుడు ఈ సంగతి చెప్పండి. మాత్ర వేసిన ముప్పావు గంటకు, ఊపిరి పీల్చి బంతులను పైకి లేపే మూడు బంతుల పరికరంతో (స్పైరోమీటర్) ఊపిరి వ్యాయామం చేయించండి. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును కోత మీద రెండు చేతులా అదిమి పట్టుకోమనండి. మరొక మాట, ఎవరూ చెప్పనిది: బిగుతు జాకెట్టు అంచు సరిగ్గా కోత మీదే ఒరుసుకుంటుంది. కొన్నాళ్లు వదులైన నూలు బట్టలే వేయండి.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కోత నుంచి చీము, నల్లటి విరేచనం, పడుకుంటే పెరిగి ముందుకు వంగితే తగ్గే ఛాతీ నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే సర్జన్‌కు చూపించండి; ఆయాసం గాని, ఛాతీని పిండేసినట్లుండే నొప్పి గాని వస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.